బొమ్మల ప్రశ్నల్లో దాగిన సూత్రం

మూడు వరుసల్లో తొమ్మిది గళ్లు. ఎనిమిదింటిలో బొమ్మలుంటాయి, చివరి గడి ఖాళీ. అందులో ఏ బొమ్మ రావాలో కింద ఇచ్చిన ఆప్షన్లలోంచి ఎంచుకోవాలి. ఈ తరహా పరీక్షను బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ రావెన్ 1938లో ప్రచురించాడు. ఐదు భాగాల్లో 60 ప్రశ్నలుంటాయి. జవాబు కనుక్కోవడానికి చదువూ భాషా అక్కర్లేదు. పోటీ పరీక్షల్లోని నాన్ వెర్బల్ రీజనింగ్‌లో చాలా భాగం ఈ కుటుంబానిదే. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలుంటే, అందులో 40 ఇలాంటి బొమ్మల ప్రశ్నలే.

బొమ్మను మొత్తంగా చూస్తే ఏమీ తోచదు. ఆకారం, సంఖ్య, దిశ, రంగు అంటూ విడదీసి, ఒకసారి ఒక్క అంశాన్నే పట్టుకుని వరుస వెంట వెళ్లాలి. ఉదాహరణకు మొదటి వరుసలో వృత్తం, చతురస్రం, త్రిభుజం ఉన్నాయి. రెండో వరుసలో చతురస్రం, త్రిభుజం, వృత్తం. మూడో వరుసలో త్రిభుజం, వృత్తం, ఆపైన ఖాళీ. ప్రతి వరుసలో మూడు ఆకారాలూ ఒక్కోసారి రావాలి కాబట్టి మిగిలింది చతురస్రం. లోపలి చుక్కలు ప్రతి వరుసలోనూ ఒకటి, రెండు, మూడుగా పెరుగుతుంటే జవాబులో మూడు చుక్కలుండాలి. పక్కనున్న బాణం గడి గడికీ సవ్యదిశలో పావు చుట్టు తిరుగుతూ, చివరి వరుసలో కిందికి, ఎడమకు చూపిస్తే, ఆఖరి గడిలో పైకి చూపాలి. మొదటి వరుసలో దొరికిన సూత్రం రెండో వరుసలోనూ నిలవాలి. నిలవకపోతే అది సూత్రం కాదు.

1990లో కార్పెంటర్, జస్ట్, షెల్ అనే పరిశోధకులు ఈ ప్రశ్నలు చేసేవారి కంటి కదలికలను నమోదు చేసి, సూత్రాలు ప్రధానంగా ఐదు రకాలని తేల్చారు. వరుసంతా మారకుండా ఉండటం, క్రమంగా పెరగడం లేదా తరగడం, రెండు బొమ్మల్ని కలిపితే లేదా ఒకదాంట్లోంచి మరొకటి తీసేస్తే మూడోది రావడం, మూడు విలువలు వరుసకు ఒక్కోసారి కనిపించడం. ఐదోది చాలామందిని తికమక పెడుతుంది: ఒక అంశం వరుసలో రెండు గళ్లలోనే ఉంటుంది, మూడోదాంట్లో ఉండదు. మొదటి గడిలో నిలువు గీత, అడ్డగీత, రెండో గడిలో అడ్డగీత, ఏటవాలు గీత ఉంటే, మూడో గడిలో నిలువు, ఏటవాలు గీతలుంటాయి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది చెరిగిపోయిందని చెప్పినా, ప్రతి గీతా సరిగ్గా రెండుసార్లే వచ్చిందని చెప్పినా ఒకటే. లెక్కపెట్టడం తేలిక కాబట్టి రెండో చూపే మేలు.

ప్రశ్న కష్టమయ్యేది సూత్రం వింతదైనందుకే కాదు. మూడు నాలుగు సూత్రాలు ఒకే బొమ్మలో కలిసినప్పుడు, దొరికినవాటిని మనసులో నిలుపుకుంటూ మిగతావి వెతకాలి. కాగితం దగ్గరుంటే ఒక్కో అంశం తేలగానే రాసుకోవడం మంచిది.

ఆప్షన్లను ముందే చూడటం చాలామందికున్న అలవాటు. అవి తప్పుదారి పట్టించేలా తయారైనవి. సరైన జవాబుకు ఒక్క చుక్క తేడాతో ఉంటాయి. ముందు జవాబును ఊహించి, తర్వాత దాన్ని వెతకాలి. ఎటూ తేలకపోతే, తెలిసిన ఒక్క అంశంతోనైనా కొన్నింటిని కొట్టేయవచ్చు.

వేరుగా ఉన్నదాన్ని గుర్తించే ప్రశ్నల్లో తిప్పిన బొమ్మకూ, అద్దంలో బొమ్మకూ తేడా తెలియాలి. బొమ్మ అంచు వెంట సవ్యదిశలో వెళ్తూ గుర్తుల వరుసను గమనించాలి. ఎంత తిప్పినా ఆ వరుస మారదు. అద్దంలో మాత్రం తారుమారవుతుంది.

సాధనతో మార్కులు పెరుగుతాయి, ఎందుకంటే సూత్రాల రకాలు ముందే పరిచయమవుతాయి. అందుకే తెలివితేటలను కొలవడానికి వాడే అసలు పత్రాలను మనస్తత్వ నిపుణులు బయటికి రానివ్వరు.