ప్రోగ్రాము పాఠము: చెవికా, కంటికా?

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి నేడు మరియొక పని తోడైనది. తమకు తెలిసిన దానిని ఇతరులకు బోధపరచుట ఆ పని. ఇందుకు రెండు సాధనములు కలవు: మాట మాత్రమే వినిపించు పాడ్‌కాస్టు, మాటతోపాటు బొమ్మ చూపు వీడియో. వీనిలో దేనిని ముందు అభ్యసింపవలెను?

మొదట భారము చూతము. సెకనుకు 64,000 బిట్ల చొప్పున నమోదైన ప్రసంగము 10 నిమిషములకు 48 లక్షల బైట్లగును (8 బిట్లు ఒక బైటు). సెకనుకు 10 లక్షల బిట్ల చొప్పున నమోదైన వీడియో అదే కాలమునకు 7 కోట్ల 50 లక్షల బైట్లు. ఒక వీడియో పాఠమునకగు డేటాతో 15 శబ్ద పాఠములు వినవచ్చునన్నమాట. ఫోనులో డేటాను పొదుపుగా వాడుకొను పల్లె విద్యార్థికి ఇది స్వల్ప విషయము కాదు.

అయితే చెవికి అందనివి కొన్ని కలవు. పైథాన్ భాషలో వరుస మొదట విడిచిన ఖాళీని బట్టి ఏ ఆజ్ఞ దేనికి లోబడినదో తెలియును. పదిమంది మార్కులను ఒక్కొక్కటిగా కూడి, చివర మొత్తమును చూపు ప్రోగ్రాము వ్రాసితిమనుకొందము. ఆ చివరి ఆజ్ఞకు ముందు కూడా కూడిక ఆజ్ఞకున్నంత ఖాళీ విడిచినచో మొత్తము ఒకసారికి బదులు పదిసార్లు కనబడును. చదివి వినిపించినచో రెండు ప్రోగ్రాములును ఒక్కటే! ఖాళీకి ఉచ్చారణ లేదు. కాని ఆ పద్ధతినే ఎందుకు ఎన్నుకొంటిమి, తప్పును ఎట్లు పట్టుకొంటిమి అను కారణములను మాటయే చక్కగా చెప్పగలదు.

మాటను, బొమ్మను విడదీయవచ్చునని మన దేశము ఏనాడో చూచినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు అమెరికా ఉపగ్రహము ఏ.టి.ఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ పాఠములు అందినవి. అందు ఒక బొమ్మకు రెండు భాషల మాటలను జోడింప వీలుండెను. బొంబాయి ఐ.ఐ.టి. వారి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పాఠములలోను కంప్యూటరు తెరమీది దృశ్యము అట్లే యుండును. దానికి తెలుగు మొదలైన భాషల గొంతు చేర్చెదరు. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు చేరువనున్న కామారెడ్డి జిల్లా పెద్దకొడప్‌గల్ వంటి చోట్లకు ఇట్టి ఏర్పాటు మిక్కిలి తగినది.

కనుక ముందుగా అభ్యసింపదగినది చెప్పదలచినది వ్రాసికొని స్పష్టముగా పలుకుట. అది పాడ్‌కాస్టుకును, వీడియోకును కూడ అక్కరకు వచ్చును. బొమ్మ ఎచట కావలెనో తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఇద్దరు విద్యార్థులను వీపులు కలిపి కూర్చుండబెట్టి, ఒకరిచే ప్రోగ్రామును చదివించి, రెండవవారిచే వ్రాయింపుడు. వ్రాత ఎచట తప్పునో అచటనే బొమ్మ అవసరము.