ఏలూరు వెతికే రెండు యంత్రాలు

2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. కృష్ణాలో ఉన్న కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి మండలాలు ఏలూరులో కలిశాయి. దాంతో ఊళ్ల జాబితాల్లో జిల్లా పేర్లు మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి పనికి ప్రోగ్రామర్లు ముందుగా చేతిలోకి తీసుకునేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌నే. వాళ్ల మాటల్లో రెజెక్స్. (లంక|గూడెం)$ అని, అంటే చివర లంక గానీ గూడెం గానీ ఉండాలని రాస్తే గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, తాడేపల్లిగూడెం వరుసగా బయటికొస్తాయి. రాసే ప్యాటర్న్ ఒకటే అయినా, దాన్ని పట్టుకుని వెతికే ఇంజిన్లు రెండు జాతులు.

ఈ రాతకు పునాది స్టీఫెన్ క్లీనీ అనే గణితవేత్త వేశాడు. నాడీకణాల నమూనాల గురించి ఆయన రాసిన పత్రం 1956లో అచ్చయింది. దాన్ని వెతుకులాటకు వాడినవాడు బెల్ ల్యాబ్స్‌కు చెందిన కెన్ థాంప్సన్. 1968లో ఆయన ప్రచురించిన పద్ధతిలో ఇంజిన్ పాఠాన్ని మొదటి నుంచి చివరికి ఒక్కసారే చదువుతుంది. కుదిరే దారులన్నిటినీ ఒకేసారి పక్కపక్కన నడిపిస్తుంది, వెనక్కి మళ్లదు. దీన్నే ఆటోమేటన్ పద్ధతి అంటారు.

రెండో జాతిది, గుర్రపుడెక్క పట్టిన కొల్లేటి కాలువల్లో ఒక్క దోనెతో దారి వెతికే పద్ధతి. దారి మూసుకుపోతే వెనక్కొచ్చి పక్క పాయలోకి తిప్పాలి. ప్రోగ్రామర్ హెన్రీ స్పెన్సర్ 1986లో ఇలా పనిచేసే లైబ్రరీ రాసి అందరికీ ఇచ్చాడు. పెర్ల్ భాష దాన్ని తీసుకుని పెంచింది. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ కూడా ఈ దారినే పట్టాయి. కారణం లేకపోలేదు. దీనికి మామూలుగా మెమరీ కొద్దిగా చాలు. పైగా ‘ఇందాక దొరికిన ముక్కే మళ్లీ రావాలి’ లాంటి షరతులు కూడా పెట్టొచ్చు. ఆటోమేటన్‌కు అది చేతకాదు.

కానీ వెనక్కి మళ్లే ఈ పద్ధతికి కాలం మీద అదుపు లేదు. 29 అక్షరాల పాఠం మీద ఒక చిక్కు ప్యాటర్న్‌ను పెర్ల్‌కు ఇస్తే నిమిషం దాటిందనీ, థాంప్సన్ పద్ధతిలో 20 మైక్రోసెకన్లలో తేలిందనీ ప్రోగ్రామర్ రస్ కాక్స్ 2007లో చూపించాడు. 2016 జులై 20న ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు 34 నిమిషాలు ఆగిపోయింది. వరుస చివరి ఖాళీలను కత్తిరించే చిన్న ప్యాటర్న్‌కు సుమారు 20,000 ఖాళీలు ఒకేచోట ఎదురయ్యాయి. ఆ ఖాళీలు వరుస చివర లేవు కాబట్టి, ఇంజిన్ ఒక్కో ఖాళీ నుంచి మళ్లీ మొదలుపెట్టి దాదాపు 20 కోట్ల పోలికలు చేసింది.

ఆటోమేటన్ మాత్రం ఖర్చు లేనిదా? దారులన్నీ ముందే లెక్కగట్టి పట్టికగా పెట్టుకుంటే ఒక్కో అక్షరానికి ఒక్క చూపు చాలు, వేగం అద్భుతం. అయితే ‘చివరి నుంచి 20వ అక్షరం ల’ అన్న షరతుకు ఆ పట్టికలో 10,48,576 స్థితులు కావాలి. థాంప్సన్ పద్ధతికి 21 చాలు, వేగం మాత్రం తగ్గుతుంది. గూగుల్ 2010లో విడుదల చేసిన ఆర్‌ఈ2 ఇంజిన్ మధ్యేమార్గం పట్టింది. పట్టికను అవసరమైన మేరకే కట్టుకుంటూ పోతుంది, కేటాయించిన మెమరీ నిండితే చెరిపేసి మళ్లీ కడుతుంది. నా మటుకు, ఎవరో తెలియనివాళ్లు పంపిన పాఠం మీద వెతికే చోట ఇలాంటి ఇంజిన్నే వాడాలి.

తెలుగుకు ఈ లెక్క ఇంకాస్త బరువు. ‘ఏలూరు’ మనకు మూడక్షరాలు, యూనికోడ్‌కు అయిదు సంకేతాలు, యూటీఎఫ్-8లో 15 బైట్లు. పైథాన్‌తో వచ్చే ఇంజిన్‌కు ‘పదంలో వచ్చే అక్షరాలు’ వెతకమని చెబితే గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కపెట్టదు. ఏలూరును ‘ఏల’, ‘ర’ అని రెండు ముక్కలు చేస్తుంది. మన ఊరి పేరే పట్టని ఇంజిన్ మనకెందుకు? ఆటోమేటన్ జాతికి చెందిన రస్ట్ భాష ఇంజిన్ గుణింతాలను కలుపుకునే చదువుతుంది. కానీ ప్రపంచ లిపులన్నిటి లక్షకు పైగా సంకేతాలను బైట్ల వారీగా విడగొట్టుకోవాలి కాబట్టి దాని ఆటోమేటన్ బాగా ఉబ్బుతుంది. వెతికేది తెలుగులోనే అయితే తెలుగు బ్లాక్ పరిధి రాసేస్తే సరి. మొదటి బైటు ఎప్పుడూ ఒక్కటే, రెండోది రెండింటిలో ఒకటి, మూడోది 64లో ఒకటి. దానికి తోడు, ‘ల్యాబ్స్‌లో’ వంటి మాటల్లో పొల్లును విడిగా నిలబెట్టే కనిపించని సంకేతాన్ని కూడా చేర్చుకోవాలి. అది తెలుగు బ్లాక్‌లో ఉండదు.