చేవ్రాలు - వ్రేలిముద్ర

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలోని పాత పెంకుటిండ్లలో నేటికిని అక్కడక్కడ చెక్కపెట్టెలు కనబడును. వానిలో గుడ్డలో చుట్టి భద్రపఱచిన కాగితముల కట్టలుండును. అవి ఆ కుటుంబములవారి విక్రయపత్రములు, తనఖాపత్రములు, కౌలు కాగితములు, ప్రామిసరీ నోట్లు. వానిని విప్పి చూచువారి దృష్టి సాధారణముగా పొలముయొక్క హద్దుల మీదను, సొమ్ము మీదను నిలుచును. కాని కాగితపు అడుగుభాగమును చూచినచో వేఱొక కథ తెలియును. అచట ఒకరి పేరు కుదురైన గొలుసుకట్టు వ్రాతలో నుండును. మఱియొకరి పేరు వణకుచు, ఒక్కొక్క యక్షరము విడివిడిగా వ్రాయబడి యుండును. ఇంకొకచోట వ్రాయసగాడే పేరు వ్రాసి, ప్రక్కన "నిశానీ" అని చేర్చగా, ఆ మనిషి ఒక గీటు మాత్రము గీచి యుండును. వేఱొకచోట నల్లని వ్రేలిముద్ర యుండును. ఒక కాలమున ఎవరు చదువుకొనిరో, ఎవరికి చదువు అందలేదో తెలుపు కొలబద్దలలో ఈ అడుగుభాగమొకటి.

పేరు వ్రాయుటయే అంగీకారమునకు గుర్తు అను నియమము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. కోనసీమలోని నందంపూడి గ్రామమును పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు దానము చేసెను. ఆ తామ్రశాసనమును రచించినవాడు నన్నయభట్టు. రేకులపై లిఖించినవాడు గండాచార్యుడు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములకు ప్రామాణ్యము నిచ్చునది రాజు చేవ్రాలు కాదు. వరాహచిహ్నమును, "శ్రీ త్రిభువనాంకుశ" అను బిరుదమును గల రాజముద్ర. మహారాష్ట్ర దేశమున గ్రామాధికారియైన పాటీలు పత్రముపై నాగలి బొమ్మను తన గుర్తుగా ఉంచెడివాడు. అది అతని వృత్తికి గౌరవచిహ్నమే కాని అజ్ఞానమునకు గుర్తు కాదు. వ్రాత కొందఱి వృత్తిగా నున్న కాలమున, తక్కినవారు గుర్తు పెట్టుటలో చిన్నతనము లేకుండెను.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ స్థితి మాఱెను. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. గన్నవరమువద్ద వైనతేయశాఖను దాటించి కాలువనీటిని నగరము లంకకు చేర్చిరి. నీరు వచ్చిన భూమికి విలువ వచ్చును. విలువగల భూమి చేతులు మాఱును. చేతులు మాఱునప్పుడు కాగితము కావలసివచ్చును. 1864లో దస్తావేజుల రిజిస్ట్రేషను చట్టము పుట్టెను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము నూఱు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయమునకు రిజిస్టరు పత్రము అవసరమని విధించెను. అంతవఱకు నోటిమాట మీద నడచిన వ్యవహారములు క్రమముగా కాగితము మీదికి వచ్చెను. అక్షరము రాని రైతుకూలీయు, పాలేరును, వితంతువును కాగితము ముందు కూర్చుండక తప్పలేదు.

వ్రాయలేనివాడు పెట్టిన గుర్తును సంతకముగానే గ్రహింపవలెనని 1897 నాటి సాధారణ నిబంధనల చట్టము చెప్పుచున్నది. కావున గీటు పెట్టినవాని హక్కు, పేరు వ్రాసినవాని హక్కు చట్టము దృష్టిలో సమానమే. కాని వ్యవహారములో ఆ ఇద్దఱును సమానులు కారు. పేరు వ్రాయుటతోపాటు చదువనేర్చినవాడు పైన వ్రాసినదానిని తానే సరిచూచుకొనగలడు. గీటు పెట్టువాడు మాత్రము వ్రాయసగాని నోటినుండి విన్నదానినే నమ్మవలెను. కాగితమును "చదివి వినిపించగా విని" అను మాటకు ఇంత ప్రాముఖ్యము కలుగుటకు హేతువిదియే. విన్న అంకె యొకటియు, వ్రాసిన అంకె వేఱొకటియు అయినచో అప్పు ఒక తరముతో తీఱదు. ఖాళీ కాగితముమీద వేసిన ముద్ర యింకను ప్రమాదకరము. అడుగున ముద్ర ముందుగా పడును, పైన షరతులు తరువాత పుట్టును.

గీటునకు మఱియొక లోపము కలదు. ఒకని గీటునకును వేఱొకని గీటునకును భేదము కనబడదు. "ఇది నేను పెట్టినది కాదు" అనినచో నిరూపించుట కష్టము. ఈ చిక్కునకు పరిష్కారము భారతదేశముననే లభించెను. 1858లో వంగదేశమునందలి జంగీపూరులో విలియం హెర్షెల్ అను అధికారి, రోడ్డుసామగ్రిని సరఫరా చేయుటకు ఒప్పుకొనిన రాజ్యధర కోనాయి అను నతని అఱచేతిముద్రను ఒప్పందపత్రముపై వేయించెను. తరువాత తన ముద్రలను, ఇతరుల ముద్రలను ఏండ్లతరబడి పోల్చిచూచి, వ్రేళ్ళరేఖలు మాఱవని హెర్షెల్ గ్రహించెను. 1877లో హుగ్లీ జిల్లాలో పింఛనులకును, రిజిస్ట్రేషనులకును వ్రేలిముద్రలను ప్రవేశపెట్టెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. ముద్రలను వర్గీకరించు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్రబోసు అను భారతీయులు ఎడ్వర్డు హెన్రీకి తోడ్పడిరి.

నిశానీలు మనదేశమునకే పరిమితము కావు. ఇంగ్లండులో 1754 నుండి వధూవరులు వివాహపు రిజిష్టరులో సంతకముగాని గుర్తుగాని చేయుట విధియయ్యెను. విక్టోరియా రాణి పాలన తొలినాళ్ళలో, అనగా 1840 ప్రాంతమున, ఆ దేశపు వరులలో ఇంచుమించు మూడవవంతు మందియు, వధువులలో ఇంచుమించు సగముమందియు పేరునకు బదులు గుర్తే పెట్టిరి. వారిలో బొగ్గుగని పనివారు, పొలము కూలీలు, మిల్లు కార్మికులు పెక్కురు. 1870లో ప్రాథమికవిద్యా చట్టము వచ్చెను. ఆ శతాబ్దము ముగియునప్పటికి గుర్తు పెట్టువారు నూటికి ముగ్గురు మాత్రమే మిగిలిరి. అదే సమయమున, 1901 జనాభాలెక్కల ప్రకారము, భారతదేశమున అక్షరాస్యులు నూటికి ఐదుగురికంటె కొంచెము మాత్రమే ఎక్కువ. స్త్రీలలో నూటికి ఒకరైనను లేరు.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. పేరు వ్రాసినవారందఱును చదువుకొన్నవారేనా? కారు. పేరులోని నాలుగక్షరముల ఆకారమును మాత్రము బొమ్మవలె నేర్చుకొన్నవారు ఎందఱో యుండిరి. ఇంగ్లండులో చదువుట ముందును, వ్రాయుట తరువాతను నేర్పెడివారు గనుక, చదువగలిగియు గుర్తే పెట్టినవారును ఉండిరి. అందుచేతనే 1911 జనాభాలెక్కలలో స్నేహితునికి ఉత్తరము వ్రాసి, అతని ప్రత్యుత్తరమును చదువుకొనగలవానినే అక్షరాస్యునిగా గణించిరి. ఈ నిర్వచనము గొప్పది. సంతకము ఇతరుల నిమిత్తమైనది. ఉత్తరము తన నిమిత్తమైనది.

ఆ భేదము గోదావరి ప్రాంతపు కుటుంబములకు అనుభవములోనిదే. 1942కు పూర్వము ఈ తీరమునుండి వేలకొలది శ్రామికులు కాకినాడలో ఓడనెక్కి రంగూనునకు పోయి, బియ్యపు మిల్లులలోను, రేవులోను పనిచేసిరి. వారు పంపిన మనియార్డరు ఊరు చేరినప్పుడు, చదువురాని ఇల్లాలు వ్రేలిముద్ర వేసి సొమ్ము గైకొనగలదు. కాని కూపనుమీద భర్త వ్రాయించిన రెండు పంక్తులను తెలిసికొనుటకు పరుల నోటిని ఆశ్రయింపవలెను. ముద్ర సొమ్మును ఇప్పించునే కాని మాటను ఇప్పింపదు.

చదువు చేతికి అందినప్పుడు కలుగు ఫలమును నెల్లూరు జిల్లాలోని దూబగుంట స్త్రీలు నిరూపించిరి. సాక్షరతా తరగతులలో సారావలని కీడునుగూర్చి చదివి చర్చించిన ఆ శ్రామికస్త్రీలు 1992లో తమయూరి సారా దుకాణమును మూయించిరి. ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. వారు నేర్చినది సంతకము మాత్రమే అయినచో ఇంత జరిగియుండెడిది కాదు.

కాలచక్రము తిరిగినది. 2001లో చేసిన సవరణ ననుసరించి, రిజిస్ట్రేషనునకు వచ్చు పండితుడును పామరుడును ఛాయాచిత్రముతోపాటు వ్రేలిముద్రయు నీయవలెను. ఒకప్పుడు "వ్రేలిముద్రగాడు" అని నిందించిన లోకమే నేడు అందఱి వ్రేళ్ళను అడుగుచున్నది. కావున ముద్ర వేయుటలో సిగ్గుపడవలసినది లేదు. 2011 లెక్కల ప్రకారము, కోనసీమ అప్పుడు చేరియున్న తూర్పుగోదావరి జిల్లాలో అక్షరాస్యులు నూటికి 71 మంది. మిగిలినవారిలో ముసలి తాతలు, అవ్వలు ఎందఱో కలరు. ఇంటిలోని బాలుడో, బాలికయో వారిప్రక్కన కూర్చుండి, ముద్ర వేయుటకు ముందు కాగితమును మొదటినుండి చివరవఱకు చదివి వినిపించినచో, ఆ చదువు సార్థకమగును. వ్రేలు ఎవరిదైనను, దానికి ముందు కన్ను నడువవలెను.