మునిగినా బతికే వరి

వరి నీటిలో పెరిగే పంటే. అయినా నిండా మునిగితే చచ్చిపోతుంది. ఊడ్పులైన కొద్ది రోజులకే చేలో వరద నిలిస్తే పైరు గాలి కోసం పైపైకి సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగుడుకే ఖర్చవుతుంది. పది రోజుల తర్వాత నీరు తీసేసరికి మిగిలేది కుళ్లిన ఆకు.

ఒడిశా నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే రకం అలా చేయదు. మునిగినప్పుడు ఎదుగుదల ఆపి, నీరు దిగాక మళ్లీ చిగురిస్తుంది. ఈ గుణాన్ని కొత్త రకాల్లోకి తెచ్చే ప్రయత్నాలు 1970లలోనే మొదలయ్యాయి. పుట్టిన వంగడాలు ముంపును తట్టుకున్నాయి గానీ, వాటిని రైతు తట్టుకోలేకపోయాడు. దిగుబడి తక్కువ, అన్నమూ అంతంత మాత్రమే.

1996లో శాస్త్రవేత్తలు కెనాంగ్ షు, డేవిడ్ మెకిల్ ఆ గుణం తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉందని గుర్తించారు. పదేళ్లకు అసలు జన్యువు, సబ్1ఎ, దొరికింది. మరి ఆ గుణాన్ని ఏ వరిలో పెట్టాలి?

రైతు అప్పటికే నమ్మిన వరిలో. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానంలో పుట్టిన ఎంటీయూ 7029కి స్వర్ణ అని పేరు. ఆంధ్ర నుంచి ఒడిశా, బెంగాల్, బిహార్ దాకా పల్లపు చేలను ఏలిన వంగడమది. దానికి ముంపును తట్టుకునే గుణాన్ని సంకరంతో ఎక్కించి, పుట్టిన పిల్లమొక్కలను మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలిపారు. ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ గుర్తులను చూసి, కావలసిన మొక్కలనే ఉంచారు. వరి జన్యువు వరిలోకే, అదీ సంకరంతోనే వచ్చింది కనుక ఇది జన్యుమార్పిడి పంట కాదు. స్వర్ణ సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా ముంపును ఓర్చుకుంటుంది.

ఒడిశా పొలాల్లో చేసిన పరిశోధన 2013లో వెలువడింది. పది రోజులు మునిగిన చేలల్లో మామూలు స్వర్ణ కంటే ఇది దాదాపు 45 శాతం ఎక్కువ పండిందట. అంతకంటే ఆసక్తికరమైన సంగతి మరొకటుంది: ముంపు ఎక్కువగా వచ్చే పల్లపు భూములు దళితుల చేతుల్లోనే ఎక్కువ, కాబట్టి ఎక్కువ మేలు జరిగేదీ వాళ్లకే. విత్తనానికి కులం తెలియదు, నేలకు మాత్రం తెలుసు!

ప్రపంచ జనాభా 2080ల నడుమ 1030 కోట్లకు చేరి ఆగుతుందని ఐక్యరాజ్య సమితి 2024 అంచనా. అంతమందికి తిండి పెట్టేది ఇలాంటి విత్తనాలేనా? అవీ కావాలి. కానీ 2022లో ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో పారేసిన ఆహారమే 105 కోట్ల టన్నులు. దాన్ని ఏ జన్యువు ఆపుతుంది?

సబ్1ఎకీ హద్దులున్నాయి. అది కాచేది ఎదిగే పైరును. పూత దశలో మునిగితే గింజ పట్టదు. కోతల వేళ తుఫాను వచ్చి, పడిపోయిన చేలో వెన్ను మీదే గింజ మొలకెత్తితే అది చేయగలిగిందేమీ లేదు. అక్కడ కావలసింది గింజకు కొన్నాళ్ల నిద్ర, చేలోంచి నీరు లాగే మురుగు కాలువ.