‘సూపర్ బ్రో’ అంటే సరిపోదు.. పులికాట్ ఫొటోల్లో తప్పు ఎలా చెప్పాలంటే!

తడ: చలికాలం వచ్చిందంటే చాలు.. వాట్సాప్ స్టేటస్‌లన్నీ పులికాట్ ఫొటోలే. భీములవారిపాలెం పడవలు, నేలపట్టు గూడబాతులు, సూళ్లూరుపేట–శ్రీహరికోట రోడ్డు పక్కన ఫ్లెమింగోలు.. ఎక్కువ భాగం ఫోన్‌తో తీసినవే. వాటికి వచ్చే కామెంట్లు మాత్రం రెండే రకాలు. ‘సూపర్ బ్రో’, లేదంటే ‘ఏం బాలేదు’. ఈ రెండింటితోనూ తీసినవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

మరి ఏం చెప్పాలి? ఫొటో చూడగానే మీ చూపు ఎక్కడికి వెళ్లిందో ముందు అది చెప్పండి. ‘పక్షుల కంటే ముందు కరెంటు స్తంభం కనిపించింది’ అంటే చాలు, తీసినవాళ్లకు విషయం అర్థమైపోతుంది. తర్వాత ఒక్క తప్పే ఎత్తి చూపండి. పది చెబితే ఒక్కటీ గుర్తుండదు.

పులికాట్ ఫొటోల్లో తరచూ కనిపించే తప్పు.. నీటి గీత ఒక పక్కకు వాలిపోవడం. సరస్సు ఒలికిపోతున్నట్టు ఉంటుంది! ఎడిటింగ్‌లో రొటేట్ చేస్తే నిమిషంలో సరిపోతుంది. పక్షులు నల్లటి నీడల్లా వచ్చాయా? అది ఎడిటింగ్‌తో పూర్తిగా పోయేది కాదు, నిలబడిన చోటును బట్టి ఉంటుంది. ఆ రోడ్డు పడమర నుంచి తూర్పుకు వెళ్తుంది. జనవరిలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షులను తీస్తే వెలుగు మీ వెనక నుంచి పడుతుంది. ‘ఈసారి అటు తిరిగి తియ్’ అని చెప్పడం ఎంతో మేలు.

అసలు గొడవ రంగు దగ్గర. ఫ్లెమింగో అంటే గులాబీ రంగే అనుకుని శాచురేషన్ చివరిదాకా లాగేస్తుంటారు. ఇక్కడ ఎక్కువగా కనిపించే పెద్ద ఫ్లెమింగోల ఒళ్లు తెలుపే, లేత గులాబీ ఛాయ అంతే. ముదురు రంగు రెక్కల్లో ఉంటుంది, రెక్క విప్పితేనే బాగా కనిపిస్తుంది. అది కూడా తినే నాచు, రొయ్య జాతి జీవుల నుంచి వచ్చే రంగు. పిల్లలైతే బూడిద రంగులోనే ఉంటాయి. అలాంటి పక్షిని పీచు మిఠాయిలా మార్చేస్తే అది పులికాట్ ఫొటో ఎలా అవుతుంది? అలాగని ‘ఫేక్’ అని ముఖం మీద కొట్టకండి. ‘ఒరిజినల్ ఒకసారి పంపు’ అనండి. రెండూ పక్కపక్కన పెడితే తేడా వాళ్లకే తెలుస్తుంది. తెల్లటి ఒళ్లు మరీ వెలిగిపోయి ఈకలు కనిపించకపోతే మాత్రం ఎడిటింగ్‌లో తిరిగి రావు. తీసేటప్పుడే పక్షి మీద నొక్కి, వెలుగు కాస్త తగ్గించాలి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. రీల్ కోసం హారన్ కొట్టి, రాళ్లు వేసి పక్షులను లేపి తీసిన షాట్ ఎంత బాగున్నా మెచ్చుకోకండి. అవి మేతకు వచ్చిన పక్షులు, లేచిన ప్రతిసారీ మేత పోతుంది.

ఇక సలహా అడుగుతూ పంపేవాళ్లకు ఓ మాట. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది. అలా వచ్చిన మసకను చూసి ఫోకస్ తప్పిందని ఎదుటివాళ్లు పొరబడతారు. డాక్యుమెంట్‌గా పంపండి.