ఈ కాగితం ఏ సీటుది?

హిమాయత్‌నగర్ రైతు ఒకాయన పొలం కొలత కోసం మొయినాబాద్ తహశీల్దార్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాడనుకుందాం. దాని మీద ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ పడతాయి. తర్వాత బి2 లాంటి అక్షరంతో మొదలయ్యే నంబరు వేస్తారు. ఆ బి2 ఒక సీటు. అందులో ఎవరు కూర్చుంటే వారే ఆ కాగితానికి జవాబుదారీ. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా కార్యాలయాల్లో పుట్టి, టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరుతో చెలామణి అయిన పద్ధతి ఇది. దీని ప్రకారం ప్రతి గుమస్తాకూ ఒక పర్సనల్ రిజిస్టర్ ఉంటుంది. కాగితం ఎప్పుడొచ్చింది, దేని గురించి, ఎవరికి రాశాం, జవాబు ఎప్పుడొచ్చింది, ఎలా ముగిసింది అన్నీ అందులో ఎక్కుతాయి. ముగిసేదాకా పెండింగే. గుమస్తా బదిలీ అయినా రిజిస్టరు ఆ సీటులోనే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఈ-ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను తెలంగాణ 2020లో శాఖల్లో ప్రవేశపెట్టడం మొదలుపెట్టింది. కాగితం పోయి తెర వచ్చినా, ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుందన్న ప్రశ్న మాత్రం అదే.

సర్కారు దస్త్రాలంటే వెటకారం చేసే మనం, మన ఈమెయిల్ దగ్గరికి వచ్చేసరికి ఈ పాటి జాగ్రత్త కూడా పడం. చేవెళ్ల రోడ్డు పొడవునా ఉన్న ఏ కాలేజీనో, ఫంక్షన్ హాలునో తీసుకోండి. అందరికీ కలిపి ఒకటే అడ్రసు, పాస్‌వర్డ్ నలుగురికీ తెలుసు. పెళ్లి బుకింగ్ అడుగుతూ పొద్దున ఒక మెయిల్ వస్తుంది. ఒకరు తెరుస్తారు, ఇంతలో ఫోను మోగుతుంది, లేచి వెళ్లిపోతారు. లావుగా కనిపించే అక్షరాలు సన్నబడతాయి. మిగతా ముగ్గురూ దాన్ని చూసి ‘ఎవరో చూసుకున్నారులే’ అనుకుంటారు. అక్షరం సన్నబడితే ఎవరో తెరిచారని మాత్రమే అర్థం, జవాబు వెళ్లిందని కాదు. ఎవరికి వారు మంచి పనివాళ్లే, అయినా పెళ్లివారు వేరే హాలు మాట్లాడుకుంటారు.

ఈమెయిల్ పాతబడింది గనక వేరే యాప్ కొనాలనేవారున్నారు. నాకైతే లోపం పనిముట్టులో కనిపించదు. క్లాసిక్ అవుట్‌లుక్‌లో ఒక పనిని ఇంకొకరికి అప్పగించే వీలుంది. అవతలివారు ఒప్పుకుంటే పని వారిదైపోతుంది, అప్పగించినవారి దగ్గరున్న నకలులో దాని పురోగతి కనిపిస్తుంది. అదే పనిని ఒకేసారి ఇద్దరికి అప్పగిస్తే ఆ నకలు సౌకర్యం ఉండదు. ఇద్దరి పేర్లూ పెట్టిన పని ఎంతవరకు వచ్చిందో ఆ సాఫ్ట్‌వేర్ కూడా చెప్పలేదన్నమాట! గూగుల్ గ్రూప్స్‌లోని కొలాబరేటివ్ ఇన్‌బాక్స్‌లోనూ వచ్చిన మెయిల్‌ను ఒకరి పేర పెట్టి, అయ్యాక పూర్తయిందని గుర్తు పెట్టొచ్చు. ఇవేవీ లేకపోయినా, నలుగురి పేర్లతో నాలుగు ఫోల్డర్లు చేసుకుని వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఒకరి దాంట్లో వేస్తే సగం గొడవ తీరుతుంది. పంచేవారు ఒక్కరే ఉండాలి, అంతే.

వాట్సాప్ గ్రూపు ఉండగా ఇదంతా ఎందుకంటారా? కబురు చేరవేయడానికి దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ ఉదయం చెప్పిన పని సాయంత్రానికి గుడ్‌మార్నింగ్ పూలకింద, పుట్టినరోజు కేకులకింద పడిపోతుంది. ‘ఓకే సార్’ అని ఆరుగురు పెట్టినా, చేసేదెవరో తేలదు. ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. ప్రతి పని పక్కనా పేరు కనిపిస్తే అది నిఘా అవుతుందని, తప్పులెన్నడానికే వాడతారని సిబ్బంది భయం. యజమాని బుద్ధిని బట్టి అలా జరగొచ్చు కూడా. అయితే పేరు లేనిచోట నింద పడేది ఎక్కువగా చిన్న ఉద్యోగి మీదే. తన దగ్గరికి పని రానేలేదని చూపించడానికి అతనికి ఆ పేర్ల పట్టికే సాక్ష్యం. మనిషి సెలవు పెడితే ఏమిటంటే, జవాబు బి2 దగ్గరే ఉంది. పేరుకు బదులు సీటు రాయండి, ఆ రోజు సీటులో ఉన్నవారు చూస్తారు.

మీ ఆఫీసుకూ అలాంటి ఉమ్మడి అడ్రసు ఉంటే, చదివేసి ఎవరి పేరూ లేకుండా పడి ఉన్న ఉత్తరాలు ఎన్నున్నాయో రేపు పొద్దున ఒకసారి లెక్కపెట్టండి.