ఆంగ్ల భాషా దినము, బేగంబజారు బాలలు: అపోహలు – వాస్తవాలు

రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాను భార్యయగు హుమ్దా బేగము వర్తకులకు బహూకరించిన భూమిపై వెలసినదని ప్రతీతి గాంచిన హైదరాబాదు బేగంబజారులో, పొద్దెక్కిన వేళ ఏ టోకు కిరాణా దుకాణము ముంగిట నిలిచి చెవి యొగ్గినను నాలుగైదు భాషలు వినవచ్చును. దుకాణపు సేఠు తన తమ్మునితో మార్వాడీలో సరుకు ధర విచారించును. మూటలు దింపు హమాలీకి దక్కనీలో పని పురమాయించును. పెండ్లి సామానుకై జిల్లాల నుండి వచ్చిన కుటుంబముతో తెలుగున బేరమాడును. తుదకు బిల్లు మాత్రము ఆంగ్లమున వ్రాసి చేతికిచ్చును. గల్లాపెట్టె ప్రక్కన కూర్చుండి బడిలెక్కలు చేసికొను బాలుడు ఈ భాషలన్నింటిని ఏ గురువును ఆశ్రయింపకయే గ్రహించుచున్నాడు. అట్టి బాలుని, ఆంగ్లమున తడబడినాడను ఒక్క కారణమున, భాష రానివానిగా ఎంచుట అన్యాయము. ఏప్రిల్ 23న ఆంగ్ల భాషా దినమును పిల్లలతో జరుపుకొన తలచు ఉపాధ్యాయులును తల్లిదండ్రులును మున్ముందుగా కొన్ని అపోహలను తొలగించుకొనుట మేలు.

అపోహ: ఈ దినము ఆంగ్లమునకు మాత్రమే చెందిన పండుగ, ఆనాడు తక్కిన భాషలకు తావు లేదు.

వాస్తవము: ఐక్యరాజ్యసమితి 2010లో తన ఆరు అధికార భాషలైన అరబ్బీ, చైనీయము, ఆంగ్లము, ఫ్రెంచి, రష్యను, స్పానిషులకు వేర్వేరు దినములను ఏర్పరచినది బహుభాషాత్వమును గౌరవించుటకే గాని, ఒక భాషకు పట్టము గట్టుటకు గాదు. షేక్‌స్పియరు 1616లో కీర్తిశేషుడైన ఏప్రిల్ 23వ తేదీని ఆంగ్లమునకు కేటాయింపగా, ఇప్పుడు స్పానిషు భాషా దినము కూడ అదే తేదీన జరుగుచున్నది. 1952లో ఢాకా నగరమున మాతృభాషకై ప్రాణములర్పించిన విద్యార్థుల స్మృతికి ముడివడిన ఫిబ్రవరి 21, గిడుగు రామమూర్తి పంతులు జన్మించిన ఆగస్టు 29, కాళోజీ జన్మించిన సెప్టెంబరు 9 – ఇవన్నియు ఒకే వరుసలోని భాషా పండుగలని పిల్లలకు తెలియజెప్పవలెను.

అపోహ: ఆంగ్లము స్వచ్ఛమైన భాష, బజారులో మనము పలుకునది కలగూరగంప.

వాస్తవము: సత్యమునకు ఇంతకంటె దూరమైన మాట లేదు. అయిదవ శతాబ్దమున జర్మానిక్ తెగలు బ్రిటను దీవికి తెచ్చిన పలుకుబళ్ళు ఆంగ్లమునకు మూలము కాగా, 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ఫ్రెంచి పదములు వేలకొలది వచ్చి చేరినవి. లాటిను, గ్రీకు పదములకు లెక్కయే లేదు. వ్రాసెడు లిపి సైతము రోమనుల నుండి వచ్చినదే. బేగంబజారు బస్తాలనే సాక్ష్యమునకు పిలువవచ్చును. ఆంగ్లేయుల ‘షుగరు’కు మూలము మన శర్కర, అది పారసీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపాకు పయనించినది. వారి ‘పెప్పరు’ పిప్పలి నుండి వచ్చినది. ‘జింజరు’ శృంగవేరమునకు దూరపు సంతానము. ‘బజారు’ అను మాట పారసీకమున బుట్టి మనకును వారికిని సమానముగా దక్కినది. గోదాములలో గోనెసంచులు కొరికి వర్తకులను వేధించు పందికొక్కు మన తెలుగు నుండియే ఆంగ్ల నిఘంటువులకు ‘బాండికూట్’ అను పేర ఎక్కినది. ఇచ్చిపుచ్చుకొనుటవలననే ఆంగ్లము ఇంత సంపన్నమైనది. అదే గుణము బజారు పలుకులందు కన్పట్టినప్పుడు దానిని దోషమని యెంచుట తగదు.

అపోహ: దక్కనీ యనునది చెడిన ఉర్దూ, మార్వాడీ, లంబాడీ, గోండీ వంటివి లిపి లేని యాసలు, భాషల పండుగలో వీనికి స్థానము లేదు.

వాస్తవము: 1591లో ఈ హైదరాబాదు నగరమును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయముగా దక్కనీ కవి. గోలకొండ, బీజాపూరు దర్బారులలో దక్కనీ కావ్యము వికసించిన కాలమునకు ఢిల్లీలో సాహిత్యపీఠము పారసీకమునకే దక్కియుండెను. గోలకొండ సుల్తానుల యేలుబడిలోనే తెలుగునకును ఆదరము లభించినది; అచ్చతెలుగు కావ్యములలో మొదటిదిగా పేరొందిన ‘యయాతి చరిత్ర’ను పొన్నికంటి తెలగన కవి కుతుబ్‌షాహీ అధికారియగు అమీన్ ఖానునకు అంకితమొనర్చెను. మార్వాడీ మన జనగణనలో హిందీ క్రిందనే లెక్కింపబడుచున్నను, తనకంటూ వ్యాకరణమును కథాసంపదయు గల భాష. ఇక లిపి యుండుట భాషకు ప్రాణము కాదు. సొంత లిపి లేకున్నను ఆంగ్లము రోమను అక్షరములతో విశ్వవ్యాప్తము కాలేదా? ఆదిలాబాదు ప్రాంతపు గుంజాల గ్రామమున లభించిన గోండీ లిపికి 2018లో యూనికోడునందు స్థానము లభించుటయు పిల్లలు తెలిసికొనదగిన విషయము. 2011 జనగణన ప్రకారము పదివేలమందికి పైగా మాటాడు భాషలు మన దేశమున 121 కలవు. ప్రపంచమున సుమారు ఏడువేల భాషలున్నవని భాషావేత్తల అంచనా.

అపోహ: ఒకేసారి మూడు నాలుగు భాషలు చెవినిబడినచో పసివాని బుద్ధి గందరగోళమగును.

వాస్తవము: ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున పండితులు కొందరును ఇట్లే తలచిరి. అయితే 1962లో కెనడాలోని మాంట్రియలు నగరమున పీల్, లాంబర్టు అను పరిశోధకులు ఫ్రెంచి, ఆంగ్లము రెండును చక్కగా వచ్చిన పదియేండ్ల బాలలను పరీక్షింపగా, వారు ఏకభాషా బాలలకంటె వెనుకబడకపోగా అనేక పరీక్షలలో ముందంజ వేసిరి. ఆ లాభము ఎంత యను విషయమున నేటికిని చర్చ జరుగుచున్నను, బహుభాషల వలన బుద్ధి మందగించునను వాదము మాత్రము నిలువలేదు. బిడ్డ ఒకే వాక్యమున రెండు భాషలు కలిపినంతమాత్రమున కంగారు పడనక్కరలేదు. హమాలీతో మార్వాడీయు, నాయనమ్మతో ఆంగ్లమును మాటాడరాదని దుకాణపు బాలునికి ఎవరును చెప్పలేదు. ఎవరితో ఏ భాష పలుకవలెనో అతడే యెఱుగును. ఈ వివేకము గందరగోళమునకు సరిగా వ్యతిరేకమైనది.

అపోహ: ఇంట మాతృభాష మానివేసినచో ఆంగ్లము త్వరగా వచ్చును.

వాస్తవము: అన్నిటిలో హానికరమైన అపోహ ఇదియే. చదువునకు మాతృభాషయే ఉత్తమ సాధనమని యునెస్కో 1953లోనే ప్రకటించినది. మొదటి భాషలో దిటవుపడిన జ్ఞానము రెండవ భాషకు అండయగునని జిమ్ కమ్మిన్స్ అను విద్వాంసుడు 1979లో సిద్ధాంతీకరించెను. మన 2020 జాతీయ విద్యావిధానము సైతము వీలైనంతవరకు కనీసము అయిదవ తరగతి దాక ఇంటి భాషలోనే బోధన జరుగవలెనని సూచించినది. ఇత్తడి బిందెను తూచి, తరుగు తీసి, లాభము కట్టుట ఇంటి భాషలో నేర్చిన బాలికకు ఆంగ్లమున కావలసినది కొత్త పేరు మాత్రమే. భావము ఆమె యొద్ద ముందే కలదు. భావమే లేని బిడ్డకు పేరొక్కటే మిగులును.

అపోహ: ఆంగ్లము వచ్చినచో ప్రపంచమంతటితో మాటాడవచ్చును, వేరొక భాష యనవసరము.

వాస్తవము: ఆంగ్లము ఎంతో కొంత వచ్చినవారు సుమారు నూటయేబది కోట్లమంది యని అంచనా, అనగా ప్రతి అయిదుగురిలో సుమారు ఒక్కరికి మాత్రమే వచ్చును. విజ్ఞానశాస్త్రమునకును, అంతర్జాతీయ వ్యవహారమునకును ఆంగ్లము గొప్ప వాకిలి. దానిని మన బిడ్డలందరికిని తెరువవలసినదే. కాని ఆంగ్లము మాతృభాషగా గల సి.పి. బ్రౌను తెలుగు నేర్చి, వేమన పద్యములను వెలికితెచ్చి, 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువును వెలువరించి మన హృదయములలో చిరస్థాయిగా నిలిచినది పరభాషను ప్రేమించుటవలననే.

కావున ఆనాడు పిల్లలచే కంఠస్థ ప్రసంగములు చెప్పించి చప్పట్లు కొట్టుటతో సరిపెట్టరాదు. పసుపు, జీలకఱ్ఱ, బెల్లము వంటి సరుకులను ముందుంచి, ఒక్కొక్కదానికి తమ యింట వాడు పేరును ఒక్కొక్క బిడ్డచే చెప్పించి, పటము మీద ఆ భాషల నెలవులను గుర్తింపజేయవలెను. నాయనమ్మ చెప్పిన కథను మొదట ఆమె భాషలోనే చెప్పించి, పిదప ఆంగ్లమున తిరుగ చెప్పించవలెను. తప్పులు దొర్లిన దొర్లనిండు. తన సొంత కథ చెప్పవలెనను ఆరాటమున పలికిన ఆంగ్లమే బిడ్డకు నిలుచును. తన యింటి భాషను చూచి సిగ్గుపడని బాలుడు ఏ దేశపు భాషను చూచియు భయపడడు. ఆ ధైర్యమును కలిగించుటయే ఆంగ్ల భాషా దినమునకు తగిన ఉత్సవము.